పుట్టుమచ్చలు

బెలేంలో ఎవరూ గంట చెప్పరు.
"వానకు ముందు రానా, వెలిశాక రానా" అంటారు.
ఒసియెల్ మాత్రం నడివానలో వచ్చాడు
చొక్కా విప్పి కన్సోల్‌కు చుట్టి,
ఒట్టి ఒంటిని వానకిచ్చేసి.

సాంతరేం వెళ్ళే పడవలో ఇంజిన్ మెకానిక్ అతను.
పదకొండేళ్ళు, పై అంతస్తు ఊయలల నడుమ
డీజిల్ కమురులో
అరగంటకు రెండు రియాల్‌లు పుచ్చుకుని
నదిమీది జనాన్ని బౌలింగ్ ఆడించిన పెట్టె ఇది.
ఒకప్పుడు తెలుపు. ఇప్పుడు పొగాకు నమిలే పంటి రంగు.

"నిన్న ఆన్ అవ్వడానికి మూడుసార్లు ఆలోచించింది"
ఇంజిన్ గురించి చెప్పినట్టే చెప్పాడు.

మూత తీశాను. ఫ్యాన్ రెక్కల మధ్య చీమల గుడ్లు.
చేసినవాళ్ళు దీన్ని మరిచి చాలా కాలమైంది.
ఇక దీని మనసు దొరికేది ఒక్కచోటే,
వేలిగోరంత చిప్పులో.

నా దగ్గరున్నది హోమ్‌బ్రూ.
కంపెనీ వంటింట్లో ఉడికింది కాదు
ఊరూ పేరూ చెప్పని పిల్లలెవరో
నిద్ర మానుకుని ఇంట్లో కాచింది.
కార్డు దూర్చాను.
పవర్ మీట నొక్కితే పక్కకు జరుగుతుంది
రీసెట్ మీట నొక్కితే సరేనంటుంది
అంతే దాని భాష.

తెరనిండా గళ్ళు.
ఒక్కొక్కటే పచ్చబడుతుంటే
ఒసియెల్ స్టూలు ముందుకు లాక్కున్నాడు.
అంతలో ఒకటి నల్లగా మిగిలిపోయింది.

"పాడైందా?"
"ఫ్యాక్టరీలోనే అలా పుట్టింది. ప్రతిదానికీ ఉంటాయి కొన్ని.
పుట్టుమచ్చలనుకో."
అతను ఎందుకో తన మోచేయి తిప్పి చూసుకున్నాడు.

మూడోవంతు దగ్గర కరెంటు పోయింది.

రేకుల కప్పు మీద వాన తప్ప ఏమీ లేదు.
ఒసియెల్ ఊపిరి ఆగింది, వినబడింది నాకు.
"భయం లేదు. మనం చదువుతున్నాం, అంతే.
చదివితే దేనికీ గాయం కాదు.
రాసేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది."
రోజూ అనే మాటే. చీకట్లో
ఇంకెవరో అన్నట్టు ఉలిక్కిపడ్డాను.

పక్క బండి దోనా ఎల్జీరా దగ్గర టకాకా తెప్పించుకుని
కాయచిప్పల్లో, నాలుక తిమ్మిరెక్కేదాకా తాగాం.
కరెంటొచ్చింది.

వదిలినచోట అందుకోదు అది.
మళ్ళీ మొదటి గడి. మళ్ళీ అదే చోట అదే నలుపు.
చివరికి ఏడు తేలాయి.
రాసుకున్నదంతా తిరిగి పోల్చి చూసుకుంది
సరి, సరి, సరి.
ఐదువందల పన్నెండు మెగాబైట్లు.
ఒక పెళ్ళి వీడియోలో పప్పన్నం దాకా కూడా రాదు.
అందులోనే, పడవ వంటమనిషి జుసారా
తనకు తాను మీసం పెట్టుకుని చేసుకున్న బొమ్మ;
ఓబిదోస్ దగ్గర దిగిపోయిన ఒక పిల్లాడి అత్యధిక స్కోరు,
ఇప్పటికీ ఎవరూ దాటనిది.

"మా తమ్ముడి దగ్గరా ఇలాంటిదే ఉంది. దాంట్లో పోస్తే?"
"కుదరదు. దీని తాళంచెవి దీనిదే.
ఇంకో పెట్టెకు ఇదంతా ఒట్టి గొణుగుడు."
"మరి ఇదే చచ్చిపోతే?"
"ఈ చిన్న చిప్పు చస్తే బతికించొచ్చు.
తాళం దాచుకున్న ఆ పెద్దది చస్తే"
చేతులు తుడుచుకున్నాను.

అతను నవ్వాడు.
"మా షాఫ్ట్‌కు కొలిచి పోతపోయించిన
స్పేర్ ప్రొపెల్లర్ ఒకటుంది. ఇంకే పడవకూ పట్టదు.
తొమ్మిదేళ్ళుగా అడుగున కట్టి మోస్తున్నాం.
బరువే. కానీ దాని మీదే నిద్రపోతాం."

కార్డు అతనికిచ్చాను.
ఇంకో నకలు పిండి డబ్బాలో, బియ్యం మధ్య దాచాను.
చీటీ మీద సీరియల్ నంబరు రాయబోయి
ఏడు మచ్చలు, అని రాశాను.

అటక మీద నాదీ ఒకటుంది, ఇదే రకం.
దానికెన్ని మచ్చలో
ఇంతవరకూ చూడలేదు.

"వెలిశాక వస్తా"మన్నవాళ్ళు
గొడుగులు విదిలిస్తూ గుమ్మంలో.